మీ కథ చిత్తుప్రతి చదివిస్తుందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కొత్తగా రాస్తున్నవారి కథలను, అవి పత్రికలకు వెళ్లకముందే చదివి అభిప్రాయం చెప్పే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. వచ్చినవారు అడిగేది దాదాపు ఒకటే: "సార్, ఇది చదివిస్తుందా?" ఆ సంగతి రచయిత చాలావరకు తానే కనిపెట్టగలడు. అందుకు అడ్డుపడే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రాసేటప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి కాబట్టి చదివేవారికీ వస్తాయి.

వాస్తవం: పాత్ర బాల్యం, ఆ ఇంటి వాతావరణం, రాయకుండా వదిలేసిన పాత తగాదా రచయిత మనసులో ఉండి కాగితం మీది ఖాళీలను పూరిస్తుంటాయి, పాఠకుడి చేతిలో ఉన్నవి అక్షరాలు మాత్రమే. ఎన్నోసార్లు తిరగరాసిన తరువాత పుట్టే విసుగును నమ్మి, కథే చప్పగా ఉందని చించివేసేవారూ ఇదే పొరపాటు చేస్తున్నారు. కొన్ని వారాలు పక్కన పెట్టి, ఆ తరువాత ఒకే బిగిన బిగ్గరగా చదవండి. గొంతు తనంతట తానే తొందరపడే పేరాల పక్కన చిన్న గీత పెట్టండి. దిద్దుబాటు మాత్రం అప్పుడే మొదలుపెట్టవద్దు.

అపోహ: సంఘటనలు ఎక్కువైతే ఆసక్తి పెరుగుతుంది.

వాస్తవం: పాఠకుడు ఒక విషయం తెలుసుకోవాలనుకోవడం, అది వెంటనే తెలియకపోవడం, ఆసక్తి ఈ రెంటి మధ్య పుడుతుంది. చిత్తూరు జిల్లాకు చెందిన డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవలలో ఒక ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. చెప్పుకుంటే ఇంతే, కానీ పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

మన ప్రాంతపు చిత్తుప్రతులలో ఎదురయ్యే ఒక తరహా చూడండి. తోతాపురి మామిడి రైతు కథ. మొదటి రెండు పేజీల నిండా తాత నాటిన తోట, దాని నీడ, చిన్ననాటి వేసవులు. ఆ రైతు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో రెండో రాత్రి గడుపుతున్నాడని, కాయలు మెత్తబడుతున్నాయని మూడో పేజీకి గానీ తెలియదు. కథ మొదలయ్యేది అక్కడే. తాతను, తోటను తీసివేయనక్కరలేదు. వరుస కదలని ఆ రాత్రి అవి గుర్తుకువస్తే, ఇప్పుడు లేని బరువు వాటికి వస్తుంది. ప్రతి పేజీ అడుగున, ఇక్కడికి వచ్చిన పాఠకుడు దేనికోసం ఎదురుచూస్తుంటాడో ఒక్క వాక్యంలో రాసుకోండి. వరుసగా రెండు పేజీలకు ఏమీ తోచకపోతే మరొకరి అభిప్రాయం కోసం ఆగనక్కరలేదు.

అపోహ: చిత్తూరు యాసలో రాస్తే బయటివారు చదవరు.

వాస్తవం: ఒక మనిషి సంగటిలోకి ఊరిబిండి నూరుతున్నదంటే ఏ జిల్లావారికైనా దృశ్యం అందుతుంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎందుకు కోపగించుకున్నారో తెలియనప్పుడు మాత్రం సొంత ఊరివారు కూడా ఆగిపోతారు.

అపోహ: చదివిన మిత్రులందరూ బాగుందన్నారు కాబట్టి బాగున్నట్టే.

వాస్తవం: మన దగ్గర ఎదుటివారి రాతను ముఖం మీద కాదనడం మర్యాద కాదు, కాబట్టి "ఎలా ఉంది?" అని అడిగితే వచ్చేది మొహమాటమే. (బంధువులకు చూపించకపోవడమే మేలు, వారు కథలో తమను వెతుక్కుంటారు.) కథ ఇచ్చిన కొన్నాళ్లకు, కాగితాలు చూడకుండా కథ చెప్పమని అడగండి. వారు మరిచిపోయిన పాత్ర, కలిపేసిన రెండు సన్నివేశాలు, అవసరం లేకున్నా గుర్తుంచుకున్న ఒక చిన్న వివరం, ఇవన్నీ పొగడ్త కన్నా నమ్మదగిన సాక్ష్యాలు. ఎక్కడ ఆపి ఫోన్ చూసుకున్నారో, సగంలో ఉండగా ఏం జరుగుతుందనుకున్నారో కూడా అడగండి. వారు చెబుతుండగా మధ్యలో కల్పించుకుని "అసలు నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలుపెట్టవద్దు, ఎందుకంటే ఆ క్షణం నుంచి వారు కాగితం మీది కథను వదిలి మీ వివరణ గురించి మాట్లాడతారు.

అభిరుచులు కలవని ఇద్దరు ఒకే చోట ఆగారంటే అక్కడేదో లోపం ఉందని నమ్మవచ్చు. అయితే రైతును చంపమనో, ప్రేమకథ ఒకటి చేర్చమనో వారు ఇచ్చే సలహాను అంత సులువుగా నమ్మనక్కరలేదు. పాఠకుడు ఆగింది ఐదో పేజీలో అయినా, అందుకు కారణం చాలాసార్లు రెండు పేజీల వెనుక, చెప్పవలసినది చెప్పకుండా దాటవేసిన చోట ఉంటుంది.