తోడు లేకుండా బయల్దేరితే: లేడీస్ బోగీ నుంచి జీరో టికెట్ దాకా

"తోడెవరు వస్తున్నారు?" ఆడపిల్ల ఊరు దాటుతోందంటే మన ఇళ్లలో ఇప్పటికీ మొదట వినపడే మాట ఇదే. ఎక్కడికి, ఎందుకు అన్నవి ఆ తర్వాత. డీఎస్సీ పరీక్ష రాయడానికి వేరే జిల్లాకు వెళ్లే అమ్మాయి వెంట నాన్నో అన్నో రెండో టికెట్ కొనుక్కుని వెళ్తారు. ఆమె లోపల పరీక్ష రాస్తున్నంతసేపూ బయట చెట్టు నీడన కూర్చుంటారు. ఆ రోజు కూలి పోతుంది. కలిగిన ఇంట్లో ఇది కాస్త ఇబ్బంది. లేనివాళ్ల ఇంట్లో అయితే "ఈసారికి వద్దులేమ్మా" అంటారు, ఆ నోటిఫికేషన్ అలా దాటిపోతుంది.

ఒంటరిగా ప్రయాణించే మహిళ అనగానే వీపున సంచీ తగిలించుకుని హిమాలయాలకు వెళ్లే అమ్మాయే గుర్తొస్తుంది. ఆమె సంగతికీ వస్తాను. కానీ తెల్లవారుజామున స్టేషన్లో దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నైట్ డ్యూటీ దిగి ఆటో కోసం చూసే నర్సు, కాన్పు కోసం పుట్టింటికి పోతున్న గర్భిణి కూడా ఒంటరి ప్రయాణికులే. వాళ్ల కోసం ప్రభుత్వాలు ఏం చేశాయన్న చరిత్ర నూట ముప్ఫై ఏళ్లకు పైగా ఉంది. ఆ చరిత్రలో పదే పదే కనబడేది ఒకటే: ఆమెను విడిగా కూర్చోబెట్టడం.

నిజానికి తోడు ఒకప్పుడు మగవాళ్లకీ కావాల్సిందే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఇంటి ఆడవాళ్లు, పరివారం కలిపి దాదాపు వంద మంది ఆయన వెంట ఉన్నారు. పదిహేను నెలల పైచిలుకు సాగిన ప్రయాణం అది. దారి దొంగలు, కలరా, వాగులు, వంకలు. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒక్కటే" అన్న సామెత ఊరికే పుట్టలేదు. 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. మగవాడు ఒక్కడే చేతిసంచీతో ఎక్కి, ఒక్కడే దిగగలిగాడు. ఆడవాళ్లకు మాత్రం రైలు కొత్త భయాన్ని తెచ్చింది. ముక్కూ మొహం తెలియని మగవాళ్ల మధ్య, తలుపులు మూసిన పెట్టెలో, గంటల తరబడి కూర్చోవాలి. పెట్టెల్లో, స్టేషన్లలో వేధింపుల మీద ఆనాటి దేశీయ పత్రికలు గొడవ చేశాయి. ఆడవాళ్లకు వేరే పెట్టెలు కావాలని అడిగాయి.

దానికి జవాబుగా వచ్చింది 1890 నాటి రైల్వే చట్టంలోని 64వ సెక్షన్. 1891 జనవరి 1 నుంచి ప్రయాణికుల రైలు ప్రతిదానిలోనూ, అన్నిటికంటే తక్కువ తరగతిలో, కనీసం ఒక కంపార్ట్‌మెంట్ ఆడవాళ్లకే కేటాయించాలని అది చెప్పింది. రైలు 50 మైళ్లకు మించి నడిచేదైతే అందులో మరుగుదొడ్డి కూడా ఉండాలంది. ఈ రెండో వాక్యం దగ్గర నేను కాసేపు ఆగుతాను. దారిలో ఇబ్బంది అవుతుందని ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించుకునే ఆడవాళ్లు ఈనాటికీ ప్రతి ఇంట్లో ఉన్నారు. ప్రయాణమంటే వాళ్లకు మొదటి భయం దొంగ కాదు, బస్టాండులోని మరుగుదొడ్డి. ఆ సంగతి 1890లోనే చట్టానికెక్కింది.

వేరు పెట్టె దొరకడం వల్ల ఎంతోమంది ఇల్లు కదలగలిగారు, అది చిన్న విషయం కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలానికి ఆడవాళ్లు ఊళ్లు తిరగడం కొత్త అర్థాన్ని తెచ్చుకుంది. ద్రాక్షారామం బాలవితంతువు దువ్వూరి సుబ్బమ్మ సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకు వెళ్లింది. వితంతువు ఎదురొస్తేనే అపశకునమనుకునే కాలంలో ఆమె గడప దాటి వేదికలెక్కింది.

తర్వాతి మలుపు 1989 రైల్వే చట్టం. ఇందులో 58వ సెక్షన్ ఆడవాళ్లకు ఒక కంపార్ట్‌మెంట్ గానీ, రైల్వే తగినవనుకున్నన్ని బెర్తులో సీట్లో గానీ కేటాయించాలంటుంది. "కనీసం ఒకటి" పోయి "తగినన్ని" వచ్చింది. ఇప్పుడు దూరప్రాంతపు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్ క్లాసులో ఆరు బెర్తులు ఆడవాళ్ల కోటా. ఒంటరిగా వెళ్లినా, గుంపుగా వెళ్లినా వయసుతో పనిలేదు. ఆడవాళ్ల పెట్టెలోకి మగవాడు ఎక్కితే 162వ సెక్షన్ కింద జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. ఇదే చట్టంలో చాలామందికి తెలియని 139వ సెక్షన్ ఒకటుంది. టికెట్ లేకపోయినా, మగతోడు లేని మహిళను ఎక్కడపడితే అక్కడ దించకూడదు. ఆమె ఎక్కిన స్టేషన్లో గానీ, జంక్షన్లో గానీ, చివరి స్టేషన్లో గానీ, జిల్లా కేంద్రంలో గానీ మాత్రమే దించాలి, అదీ పగటిపూటే. ఈ నిబంధన రాసినవాళ్లకు అసలు విషయం అర్థమైంది. ఆమెకు ప్రమాదం చీకటి, నిర్మానుష్యం. మనుషులు తిరిగే చోట వెలుతురు ఉన్న వేళలో దిగితే ఆమె ఎలాగోలా చూసుకోగలదు.

అదే తెలివి లేడీస్ బోగీల విషయంలో పనిచేయలేదు. 2011 ఫిబ్రవరి 1 రాత్రి కేరళలో ఎర్నాకుళం నుంచి షోరనూర్ వెళ్లే ప్యాసింజర్‌లో 23 ఏళ్ల యువతి లేడీస్ బోగీలోనే ఎక్కింది. తోటివాళ్లు ఒక్కో స్టేషన్లో దిగిపోయారు. ఆమె ఒక్కతే మిగిలింది. దాడి జరిగింది. పక్క పెట్టెలోని ప్రయాణికులకు కేకలు వినిపించాయి. గొలుసు లాగుదామనుకున్నవాళ్లకు తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన, ఆ అమ్మాయి దూకి తప్పించుకుంది, ఇంక పెద్దది చేయొద్దని చెప్పాడని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ఐదు రోజుల తర్వాత ఆమె చనిపోయింది. ఆ ఒకాయన చెయ్యి అడ్డం పెట్టకపోతే అన్న ఆలోచన నన్ను వదలదు.

పద్నాలుగేళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, కోయంబత్తూరు–తిరుపతి ఇంటర్‌సిటీలో అదే జరిగింది. చిత్తూరు జిల్లాలోని పుట్టింటికి వస్తున్న గర్భిణి లేడీస్ బోగీలో ఉంది. జోలార్‌పేటలో మిగతా ఆడవాళ్లు దిగారు. ఒక మగవాడు ఎక్కాడు. ఎదిరించినందుకు కదులుతున్న రైల్లోంచి ఆమెను తోసేశాడు. కడుపులోని బిడ్డ దక్కలేదు. ఆ జూలైలో కోర్టు అతనికి జీవితఖైదు వేసింది. జనం నిండిన వేళ లేడీస్ బోగీ మంచి రక్షణే. ఖాళీ అయ్యాక మాత్రం అది తలుపు లేని ఒంటరి గది. ఆ వేళ పక్కన కుటుంబాలు కూర్చున్న జనరల్ బోగీయే నయమని ఆ దారుల్లో రోజూ తిరిగే ఆడవాళ్లకు తెలుసు.

మన దగ్గర గుండె తరుక్కుపోయేలా చేసిన మరో ఉదంతం 2014 జనవరిది. మచిలీపట్నానికి చెందిన 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్రిస్మస్ సెలవులు ఇంటి దగ్గర గడిపి, ఉద్యోగానికని ముంబై తిరుగు ప్రయాణమైంది. జనవరి 5న తెల్లవారుజామున లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగింది. తర్వాత ఫోన్ పలకలేదు. 16వ తేదీన మృతదేహం దొరికింది. స్టేషన్ సీసీ కెమెరాల్లో ఆమె ఒక వ్యక్తితో బయటికి నడుస్తున్న దృశ్యాలున్నాయన్నారు. కింది కోర్టు ఒకరికి మరణశిక్ష వేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ వీడియోకు సాక్ష్యాధార చట్టం 65బి కింద జతచేయాల్సిన ధ్రువీకరణ పత్రం లేకపోవడం అందుకు ఒక ప్రధాన కారణం. కెమెరా పెట్టారు, బొమ్మ పడింది, కాగితం పెట్టలేదు. ఆ ఇంటివాళ్లకు ఎవరు చంపారన్నది ఇవాళ్టికీ తేలలేదు.

రోడ్డు మీది కథ కూడా ఇలాంటిదే. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీలో, 'నిర్భయ'గా మనం పిలుచుకునే విద్యార్థిని, ఆమె స్నేహితుడు ఇంటికి చేర్చమని అడిగితే ఆటోవాళ్లు రాలేదు. సమయానికి సిటీ బస్సు లేదు. అందుకే మునిర్కా దగ్గర ఆ ప్రైవేటు బస్సు ఎక్కారు. ఆమె వెంట మగతోడు ఉందని మరిచిపోకూడదు. లేనిది బస్సు. తర్వాత జస్టిస్ వర్మ కమిటీ, 2013 చట్ట సవరణలు, వెయ్యి కోట్లతో నిర్భయ నిధి వచ్చాయి. హైదరాబాద్‌లో 2013 అక్టోబర్‌లో క్యాబ్ అనుకుని కారెక్కిన ఐటీ ఉద్యోగిని మీద జరిగిన అఘాయిత్యం తర్వాత, పూనం మాలకొండయ్య కమిటీ సిఫార్సులతో 2014 అక్టోబర్‌లో షీ టీమ్స్ పుట్టాయి.

2019 నవంబర్ 27న శంషాబాద్ తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఆ రాత్రి హత్యకు గురై తర్వాత 'దిశ'గా గుర్తుండిపోయిన యువ పశువైద్యురాలి స్కూటీ టైరులో గాలి పోయింది. చుట్టూ లారీలు, భయంగా ఉందని చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలికి బదులు 100కు చేసి ఉండాల్సిందని అప్పటి హోంమంత్రి అన్నారు. భయం వేసినప్పుడు ఎవరైనా ముందు ఇంటి మనిషి గొంతే వినాలనుకుంటారు. అంతకంటే బాధ, ఆ రాత్రి కన్నవాళ్లు ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ఇది మా పరిధి కాదంటూ తిప్పడం. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్ఐఆర్ అప్పటికి సలహాగానే ఉండేది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్‌తో అది చట్టమైంది. ఇది ప్రతి అమ్మానాన్నా గుర్తుంచుకోవాల్సిన సెక్షన్.

ఈ దశాబ్దంలో తోడు ఫోన్‌లోకి వచ్చింది. 112 నంబరు, రైల్లో 139, 2019 నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాల్లో పానిక్ బటన్, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ (2025లో దాని స్థానంలో శక్తి యాప్ వచ్చింది), తెలంగాణలో 2024లో టీ-సేఫ్. వీటన్నిటిలో నాకు నచ్చింది 2020 అక్టోబర్‌లో దేశమంతటా మొదలైన రైల్వే రక్షణ దళం 'మేరీ సహేలీ'. రైలు బయల్దేరే స్టేషన్లోనే ఒంటరిగా వెళ్తున్న ఆడవాళ్ల దగ్గరికి మహిళా సిబ్బంది వచ్చి, బోగీ, బెర్తు నంబర్లు రాసుకుని, దారిలోని స్టేషన్లకు అందిస్తారు. అక్కడా ఒకరు వచ్చి పలకరిస్తారు. మనిషి వచ్చి "ఏమ్మా, బాగానే ఉన్నారా?" అని అడగడం బటన్ ఇవ్వలేని ధైర్యం. ఆ పలకరింపు అందని రైళ్లు, అందని బోగీలు ఉన్నాయన్నదే లోటు.

ఆర్టీసీ బస్సుల్లో "స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం" అన్న అక్షరాలు చూస్తూ రెండు మూడు తరాలు పెరిగాం. అక్షరాల కింది సీట్లో కూర్చున్న పెద్దమనిషిని లేపాలంటే గొంతు పెగలని రోజులు ఎందరికో తెలుసు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి మొదలయ్యాక ఆ లెక్క తిరగబడింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకునే ప్రయాణాలు 2025 జూలై నాటికి 200 కోట్లు దాటాయి. ఆ ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చింది. ఉచితం మీద ఎంత వెటకారం జరిగిందో అందరం విన్నాం. "పనీపాటా లేక తిరుగుతున్నారు" అన్న మాట అన్నిటికంటే ఎక్కువగా వినిపించింది. పని లేకుండా తిరిగే హక్కు మగవాడికి ఎప్పటినుంచో ఉంది, ఎవరూ లెక్క అడగలేదు. భర్తను చార్జీలకు డబ్బులడగకుండా అమ్మను చూసి రావడం, యాదగిరిగుట్టకో వేములవాడకో ఇద్దరు ముగ్గురు కలిసి పోయి రావడం, దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి ఒక్కతే వెళ్లి చూపించుకోవడం: ఇవి జరుగుతున్నాయి. నా దృష్టిలో ఈ పథకం చేసిన పెద్ద మేలు డబ్బు మిగలడంతో ఆగలేదు. బస్సు నిండా ఆడవాళ్లుంటే, ఒంటరిగా ఎక్కిన అమ్మాయి ఒంటరి కాదు. 1891 నుంచి వేరు గదులు చేయలేని పని ఇది. రద్దీ, సీట్ల కోసం గొడవలు, ఆటోవాళ్ల ఉపాధి దెబ్బతినడం నిజమే. వాటికి మందు బస్సులు పెంచడం, ఆటోవాళ్లను ఆదుకోవడం.

ఇక సరదాగా ఊళ్లు చూడాలనుకునే అమ్మాయిలు. వీళ్లకు రైలు, బస్సు దాటాక లాడ్జి అడ్డం పడుతుంది. "సింగిల్ లేడీస్‌కి రూమ్ ఇవ్వం మేడమ్" అన్న మాట చిన్న ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఏ చట్టమూ అలా చెప్పలేదు. తిరుమలలో ఒక్కరికే గది ఇవ్వకపోవడం వేరు, అది ఆడా మగా అందరికీ ఉన్న నియమం, ఉచిత లాకర్ల వసతి ఉంటుంది. లాడ్జీల తిరస్కారంలో ఉన్నది అనుమానం: ఒంటరిగా వచ్చిందంటే ఏదో ఉందన్న అనుమానం. పర్యాటక శాఖలు గుర్తింపు ఇచ్చేటప్పుడే ఈ ఒక్క షరతు పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల ముందూ ఇప్పుడున్న పని బస్సుల టైం చార్ట్‌లలో ఉంది. మండల కేంద్రం నుంచి పల్లెకు ఆఖరి పల్లెవెలుగు చాలాచోట్ల చీకటి పడకముందే వెళ్లిపోతుంది. ఆ తర్వాత జీరో టికెట్‌కు విలువ లేదు, షేర్ ఆటోయే దిక్కు. ఆసుపత్రి షిఫ్టులు, మాల్ మూసే వేళలు, రాత్రి రైళ్లు వచ్చే సమయాలు డిపో మేనేజర్ల టైంటేబుల్‌లోకి రావాలి. బస్టాపులో దీపం, బస్టాండులో రాత్రి కూడా తాళం వేయని శుభ్రమైన మరుగుదొడ్డి, లేడీస్ బోగీ ఖాళీ అయ్యే స్టేషన్లో ఎక్కే ఒక కానిస్టేబుల్. వీటికి కొత్త చట్టం అవసరం లేదు, డిపో స్థాయిలో, డివిజన్ స్థాయిలో తీసుకోగల నిర్ణయాలే.