ఒక్క వాటు వేడి ఖరీదు: అతివాహక క్యావిటీల సామర్థ్యం వెనుక చరిత్ర

అతివాహకాల్లో విద్యుత్ నష్టమే ఉండదన్న మాట నిలకడగా ఒకే దిశలో పారే విద్యుత్తుకు మాత్రమే వర్తిస్తుంది. కణ త్వరణ యంత్రాల్లో కణాలకు వేగమిచ్చే బోలు లోహపు గదులైన క్యావిటీలు సెకనుకు కోట్లాది సార్లు దిశ మారే రేడియో తరంగాలతో పనిచేస్తాయి కాబట్టి, నష్టం లేకుండా ప్రవహించే ఎలక్ట్రాన్ జంటలతో పాటు జతకట్టని ఎలక్ట్రాన్లు కూడా కదిలి లోపలి గోడలో కొంత వేడిని పుట్టిస్తాయి. 2 కెల్విన్ల (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) ద్రవ హీలియంలో పుట్టిన ఒక్క వాటు వేడిని బయటికి తోడాలంటే శీతలీకరణ యంత్రాలకు సుమారు 700 నుంచి 1,000 వాట్ల విద్యుత్తు కావాలి. ఈ రంగంలో దశాబ్దాలుగా జరిగిన కృషిని ఈ లెక్క లేకుండా అర్థం చేసుకోలేం.

1960లలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రాగిపై సీసం పూత వేసిన క్యావిటీతో ఎలక్ట్రాన్లకు వేగం పెంచి చూపారు. ఆ తర్వాత 9.2 కెల్విన్ల వద్దే అతివాహకమయ్యే నయోబియం అనే లోహం స్థిరపడింది. దారి తప్పిన ఎలక్ట్రాన్లు గోడలను గుద్దుకుంటూ రెట్టింపవుతూ శక్తిని మింగేసే సమస్య 1970ల చివరలో క్యావిటీని గుండ్రటి ఆకృతికి మార్చడంతో అదుపులోకి వచ్చింది.

1990లలో జర్మనీలోని డేసీ పరిశోధనాలయం కేంద్రంగా టెస్లా పేరుతో సాగిన అతివాహక క్యావిటీల కృషి మీటరుకు 25 మిలియన్ వోల్టుల త్వరణాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ధూళి రేణువు ఒక్కటి మిగిలినా అక్కడినుంచి ఎలక్ట్రాన్లు ఎగజిమ్ముతాయి గనుక, అతిశుద్ధ జలంతో అధిక పీడనం వద్ద కడగడం, విద్యుద్రసాయన పద్ధతిలో నునుపు చేయడం, 120 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు రోజులు వేడి చేయడం క్రమంగా ఆనవాయితీ అయ్యాయి. 2017లో పని మొదలుపెట్టిన యూరోపియన్ ఎక్స్‌ఎఫ్‌ఈఎల్ అనే ఎక్స్‌రే లేజర్ ఈ కృషి ఫలితమే. అయితే అది సెకనుకు పది చిన్న పల్స్‌లతో, అంటే విడివిడి తరంగ దఫాలతో నడిచే యంత్రం. క్యావిటీలు ఎక్కువ సేపు ఖాళీగా ఉంటాయి కాబట్టి వేడి భారం తక్కువ.

విరామం లేకుండా నడిచే యంత్రాలు వచ్చాక అసలు ప్రశ్న మారిపోయింది. ఎంత త్వరణం అన్నదానికన్నా ఎంత తక్కువ నష్టం అన్నది ముఖ్యమైంది. నిల్వ ఉన్న శక్తికీ నష్టానికీ గల నిష్పత్తిని చెప్పే విలువను పరిశోధకులు క్యూ అంటారు. మంచి నయోబియం క్యావిటీలో అది వెయ్యి కోట్ల స్థాయిలో ఉంటుంది. అమెరికాలోని భౌతికశాస్త్ర పరిశోధనాలయం ఫెర్మీల్యాబ్‌లో అన్నా గ్రాసెలీనో బృందం నయోబియం ఉపరితలాన్ని నైట్రోజన్‌తో నైట్రైడ్‌గా మార్చాలని ప్రయత్నిస్తుండగా ఊహించని ఫలితం ఎదురైంది. సుమారు 800 డిగ్రీల కొలిమిలో కొద్ది నిమిషాలు స్వల్ప పీడనంలో నైట్రోజన్ పట్టించి, పైపొరను కొన్ని మైక్రాన్ల మేర తొలగించగానే, క్యావిటీలోని విద్యుదయస్కాంత క్షేత్రం పెరిగేకొద్దీ పడిపోవలసిన క్యూ కొంతమేర పెరగసాగింది. 2013లో ప్రచురించిన ఈ పద్ధతిని కాలిఫోర్నియాలోని ఎల్‌సీఎల్‌ఎస్-2 అనే, విరామం లేకుండా నడిచే ఎక్స్‌రే లేజర్ స్వీకరించింది. మీటరుకు 16 మిలియన్ వోల్టుల వద్ద 2,700 కోట్ల క్యూ దాని లక్ష్యం. దీనికి మూల్యం కూడా ఉంది: ఇలాంటి క్యావిటీ తక్కువ క్షేత్రానికే అతివాహకత కోల్పోతుంది, చల్లబడేటప్పుడు చిక్కుకుపోయే భూ అయస్కాంత క్షేత్రానికి మరింత లొంగిపోతుంది. వేగంగా, ఒక చివర నుంచి మరో చివరకు చల్లబరిస్తే ఆ క్షేత్రం చాలావరకు బయటికి నెట్టబడుతుందని తేలడం నైట్రోజన్ విజయమంత విలువైనదే.

ఇప్పుడు చూపు నయోబియం-టిన్ సమ్మేళనం వైపు మళ్లింది. సుమారు 18 కెల్విన్ల వద్దే అతివాహకమయ్యే ఈ పొరతో క్యావిటీని 4 కెల్విన్ల పైన నడపవచ్చు. అక్కడ ఒక్కో వాటు వేడిని తోడే ఖర్చు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గుతుంది. ద్రవ హీలియం లేకుండా చిన్న శీతల యంత్రంతోనే నడిచే త్వరణ యంత్రాలు సాధ్యమవుతాయన్న ఆశ దీనివల్లే పుట్టింది. కానీ ఈ పదార్థం పెళుసు. పౌనఃపున్యం సరిచేయడానికి క్యావిటీని కొద్దిగా నొక్కినా పొర బీటలు వారే ప్రమాదం ఉంది, త్వరణంలోనూ అది ఇంకా నయోబియాన్ని అందుకోలేదు.