మద్రాసు పాత పత్రికలు: అపోహలు - వాస్తవాలు

పాత పత్రికలు స్కాన్ చేసి, కేటలాగ్ రాసే పని నాది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య మద్రాసులో వచ్చిన పత్రికల గురించి నాకు తరచూ వినపడే మాటలివి.

అపోహ: అప్పట్లో అంతా సాహిత్య సేవే, ప్రకటనల గోల లేదు.

వాస్తవం: ఇలా అనేవాళ్లు చాలావరకు లైబ్రరీ బైండు సంపుటాలే చూసుంటారు. బైండింగ్‌కి ఇచ్చేటప్పుడు అట్టల్నీ, ముందూ వెనకా ఉన్న ప్రకటనల కాగితాల్నీ పీకేయడం మామూలే. వాటికి చాలాసార్లు పేజీ అంకెలు విడిగా ఉంటాయి, లేదా అసలుండవు. అందుకే అవి పోయినా లోపలి వరుస చెడదు, ఏదో పోయిందన్న అనుమానమూ రాదు. అట్టతో సహా విడి సంచిక దొరికితే తెలుస్తుంది, మందులవాళ్లు ఎంత చోటు కొన్నారో.

అసలు కొన్ని పత్రికలు నడిచిందే మందుల డబ్బుతో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడితోనే 1908లో అక్కడ ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక, 1924 జనవరిలో భారతి మాసపత్రిక తెచ్చారు. 1928లో గృహలక్ష్మి పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారికి లోధ్ర అనే ఆడవాళ్ల మందు వ్యాపారం ఉంది. అదే ఏడాది తమిళ పత్రిక ఆనంద వికటన్‌ను కొన్న ఎస్.ఎస్. వాసన్ ప్రకటనల వ్యాపారంలోంచి వచ్చినవారు. (సినిమా డబ్బుతో కొన్నారనుకుంటారు కొందరు. ఆయన జెమినీ స్టూడియో 1940 నాటిది!) ఇందులో తలవంపులేమీ లేవు. చందాదారు వీపీ (డబ్బు కట్టి తీసుకోవాల్సిన పోస్టు) తిప్పి పంపినా పత్రిక ఆగలేదంటే ఆ సీసాల చలవే.

అపోహ: ఆడవాళ్ల పత్రికంటే వంటలూ ముగ్గులూ.

వాస్తవం: గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారద లేఖలు' చదవండి. స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టే ఉంటుంది, కానీ మాట్లాడేది ఖద్దరు గురించి, స్త్రీల చదువు గురించి, పెళ్లి చట్టాల గురించి. పెళ్లికి ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలన్న శారదా చట్టం వచ్చింది 1929లో. అంటే ఇంట్లో వాదనకు సరుకు నెలనెలా పోస్టులో వచ్చేదన్నమాట.

అపోహ: మద్రాసు పత్రికలు మద్రాసువాళ్లకే.

వాస్తవం: సర్కారు జిల్లాలకూ, రాయలసీమకూ అప్పుడు రాజధాని మద్రాసే. అచ్చు అక్కడ, పాఠకుడు బెజవాడలోనో కడపలోనో. మధ్యలో రైలూ, పోస్టూ.

అపోహ: ఫలానా పత్రిక అన్ని వేల కాపీలు అమ్ముడుపోయేదట.

వాస్తవం: ఆ అంకె ఎవరికి వారు చెప్పుకున్నదే. లెక్క సరిచూసే ఏబీసీ (ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్) మన దేశంలో మొదలైంది 1948లో. నేనైతే కేటలాగ్‌లో 'పత్రిక ప్రకటించినది' అని పక్కన రాసే అంకె వేస్తాను.

అపోహ: అట్ట మీద తెలుగు సంవత్సరం ఉంటే తేదీ తేలిపోయినట్టే.

వాస్తవం: రుధిరోద్గారి 1923 ఉగాదికి మొదలై 1924 ఉగాది దాకా నడిచింది. మాసం చూడకుండా 1923 అని రాసేస్తే భారతి తొలి సంచిక ఏడాది వెనక్కి పోతుంది. ఈ తప్పు అచ్చయిన జాబితాల్లోకి ఎక్కిందంటే, దాన్ని చూసి రాసినవాళ్లందరూ అదే ఎక్కిస్తారు.