కర్ఫ్యూలో చాయ్ హోటల్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ పాతబస్తీలో మాది చాయ్ హోటల్, వెనకే బేకరీ. 1990 డిసెంబర్ అల్లర్లప్పుడు గల్లాలో మా నాన్న ఉండేవాడు, నేను బిస్కెట్ల ట్రేలు మోసేవాణ్ని. 2010 మార్చి చివర్లో కర్ఫ్యూ పెట్టేసరికి గల్లా నాదైంది. రాత్రి వ్యాపారంలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు నన్ను అడిగేవి, వాళ్లలో వాళ్లు అనుకునేవి ఇవీ.

అపోహ: 144 పెట్టారంటే కర్ఫ్యూ పెట్టినట్టే.

కాదు. 144 అంటే మామూలుగా ఐదుగురు, అంతకు మించి గుమికూడొద్దని. కొత్త చట్టంలో అది 163వ సెక్షన్ అయింది, జనం నోట్లో ఇంకా 144నే. షాపు తెరవచ్చు. కానీ చాయ్ హోటల్ అంటేనే నలుగురు చేరే చోటు కదా! అందుకే మేం కుర్చీలు ఎత్తేసి పార్సెల్ మాత్రమే ఇస్తాం. కర్ఫ్యూ అయితే గడప దాటడమే నేరం. ఏ పోలీస్ స్టేషన్ల పరిధిలో, ఏ టైము వరకు అన్నది ఆర్డర్‌లో చదవండి. రోడ్డుకు ఇటు కర్ఫ్యూ, అటు మామూలుగా ఉండే రోజులూ ఉంటాయి.

అపోహ: సడలింపు ఇచ్చిన రెండు గంటల్లో చాయ్ అమ్ముకోవచ్చు.

నేనూ ఇలాగే అనుకుని దెబ్బతిన్నాను. 2010లో మొదటి సడలింపుకు పాలు కాచి కూర్చుంటే పట్టుమని పది కప్పులు పోలేదు. జనం పాలకు, కూరగాయలకు, మందులకు ఉరుకుతుంటే హోటల్లో కూర్చునేదెవరు? పైగా ఇరానీ చాయ్‌కి డికాషన్ దమ్ మీద మగ్గాలి, పాలు విడిగా మరిగి చిక్కబడాలి. అంతా సిద్ధమయ్యేసరికి సైరన్ జీపు వచ్చేస్తుంది.

మర్నాటి నుంచి చాయ్ జోలికి పోలేదు. ఇళ్లకు వెళ్లలేక పనివాళ్లు మా దగ్గరే చిక్కుకుపోయారు, మైదా బస్తాలు ఉన్నాయి. కర్ఫ్యూ గంటల్లో లోపల రస్కులు, బన్నులు కాల్చాం, సడలింపులో అమ్మాం. రస్కు నిలవ ఉంటుంది, చంటిపిల్లలున్న ఇళ్లకు అదే ఆధారం. లాభం రాలేదు గానీ భట్టీ చల్లారలేదు.

అపోహ: సగం షట్టర్ ఎత్తి అమ్మితే ఎవరికీ తెలియదు.

గల్లీలో అందరికీ తెలుస్తుంది. పోలీసులకు మీ కస్టమరే చెబుతాడు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది, టెన్షన్ లేదు.

మామూలు ఫైర్ పాలసీలో అల్లర్లకు సరుకు తగలబడితే పరిహారం అడగొచ్చు. మూసిన రోజుల గిరాకీ, విరిగిన పాలు, కూర్చోబెట్టి ఇచ్చిన జీతాలు అందులోకి రావు.

అపోహ: కరోనా నైట్ కర్ఫ్యూ తట్టుకున్నాం, ఇదెంత!

2021 ఏప్రిల్‌లో తెలంగాణలో పెట్టింది రాత్రి 9 నుంచి ఉదయం 5 వరకు. టైము ముందే తెలుసు కాబట్టి పాల ఆర్డర్ తగ్గించాం, షిఫ్టులు మార్చాం. అల్లర్ల కర్ఫ్యూకు టైమ్‌టేబుల్ ఉండదు.

అపోహ: కర్ఫ్యూ ఎత్తేస్తే గిరాకీ తిరిగొస్తుంది.

అసలు దెబ్బ ఇక్కడే. పగటి గిరాకీ వారంలో సర్దుకుంటుంది, రాత్రి గిరాకీకి నెలలు పడుతుంది. లాడ్ బజార్ గాజుల షాపులు కట్టేసి ఇళ్లకు వెళ్తూ ఆగే సేల్స్‌మెన్, నయాపూల్ దాటి వచ్చే కుటుంబాలు, ఆటోవాళ్లు - మా రాత్రి కౌంటర్ వీళ్లదే. గాజుల షాపులు సాయంత్రమే మూస్తే మాకు పదింటి చాయ్ లేదు. కుటుంబాలనైతే ఇంట్లో పెద్దవాళ్లు పంపరు.

ఈ నెలల్లోనే చిన్న హోటళ్లు మూతపడతాయి. సరుకు తెచ్చుకునే బేగంబజార్‌లో ఉద్దెర పెరుగుతుంది, అద్దె ఆగదు. 1990లో నాన్న ముందు పాలవాడి బాకీ తీర్చాడు, ఉద్దెర ఇచ్చిన సేటుకు తర్వాత. పాలు ఆగితే ఏ సేటూ కాపాడలేడనేవాడు. కర్ఫ్యూ ఎత్తాక గిరాకీ ఉన్నా లేకున్నా రాత్రి పదకొండు దాకా ముందు లైటు వెలిగించి ఉంచేవాడు. కరెంటు దండగని అమ్మ గొణిగేది. ఆ లైటు చూసి మొదట ఆగింది ఆటోవాళ్లే. 2010లోనూ అంతే.