చమురు చౌకైతే ఎవరికి లాభం?

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ ఆశీస్సులు.

ముడిచమురు ధర తగ్గితే అందరికీ మంచిదే కదా అని మొన్న ఫోన్లో అడిగారు. అందరికీ కాదర్రా. అమ్మేదెవరు, కొనేదెవరు అన్నది ముందు చూడాలి. మనం కొనేవాళ్లం. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది, అదీ ఎక్కువగా డాలర్లు పోసి.

డాలర్లు నిండుకుంటే ఏమవుతుందో 1991లో తెలిసొచ్చింది. అంతకు ముందు ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ మీద పడింది. జూలైలో 20 డాలర్ల చుట్టుపక్కల ఉన్న బ్యారెల్ (అంటే 159 లీటర్లు) ధర అక్టోబరుకల్లా 40 డాలర్ల దాకా ఎగబాకింది. అక్కడ చిక్కుకున్న దాదాపు లక్షా డెబ్భై వేలమంది మనవాళ్లను విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. ప్రాణాలైతే దక్కాయి గానీ, వాళ్లు ఇంటికి పంపే డబ్బు ఆగిపోయింది. చమురుకు కట్టాల్సింది పెరిగింది, గల్ఫ్ నుంచి రావాల్సింది తగ్గింది. నిజం చెప్పాలంటే తప్పంతా చమురుది కాదు. ప్రభుత్వం ఏళ్ల తరబడి రాబడికి మించి ఖర్చు చేసి, విదేశాల్లో అప్పులు పేర్చుకుంది. చమురు దెబ్బతో ఆ గుట్టు బయటపడింది.

1991 జూన్ నాటికి మన దగ్గరున్న విదేశీ డబ్బు మూడు వారాల దిగుమతులకు సరిపోతే గొప్ప. జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని లండన్ పంపి, తాకట్టు మీద అప్పు తెచ్చింది. అదే నెల 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. పి.వి. నరసింహారావు ప్రధాని అయి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు!

ఇప్పుడు ధర పడిపోయిన కథ. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరికి 30 కిందికి జారింది. ఎగుమతి రాబడి దాదాపు అంతా చమురు మీదే పెట్టుకున్న వెనిజులా కుప్పకూలింది. దానికి అక్కడి పాలన కూడా కారణమే. సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలు వేలమంది కూలీలకు నెలల తరబడి జీతాలివ్వలేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో ఒక్కో ఇంటికే లాభం, నష్టం రెండూ చూపించగల ధర ఇది. తండ్రి ట్రాక్టరుకు డీజిల్ చౌకైతే సంతోషమే, కానీ అదే చౌకదనం గల్ఫ్‌లో ఉన్న కొడుకు జీతానికి ఎసరు పెట్టొచ్చు.

ఇంతకీ డీజిల్ అంత చౌకైందా అంటే, లేదు. ధర పడుతున్న కొద్దీ కేంద్రం ఎక్సైజ్ సుంకం పెంచుతూ పోయింది, 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపు తొమ్మిదిసార్లు. తగ్గిన ధరలో చాలా భాగం ఖజానాకు వెళ్లింది, లోటు పూడ్చుకోవడానికి అక్కరకొచ్చింది. అది సబబేనా అంటే నా మట్టుకు నాకు సగం సబబే అనిపిస్తుంది. మీ నాన్ననడగండి, అప్పట్లో బంకుకు వెళ్లొచ్చినప్పుడల్లా గొణిగేవాడు.

మీ తాతయ్య