సిలిండర్ పెద్దదైతే ఫ్లిప్పర్ ఎందుకు నెమ్మదిస్తుంది?

ఇంజినీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "మా జట్టు 15 కిలోల తరగతిలో పోరాట రోబో తయారు చేసింది. ఎదుటి రోబోను ఎత్తి విసిరే చేతికి, అంటే ఫ్లిప్పర్‌కు, కార్బన్ డయాక్సైడ్‌తో నడిచే 63 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్ పెట్టాం. 10 బార్ల పీడనం దగ్గర అది 300 కిలోలకు పైగా ఎత్తగలదని లెక్క చెబుతోంది. ఎదుటి రోబో 15 కిలోలే. అయినా అది ఎగిరి పడదు. మర్యాదగా లేచి, మర్యాదగా పక్కకు జారిపోతుంది. 100 మిల్లీమీటర్ల సిలిండర్ కొనమంటారా?"

కొనకండి. కొంటే ఇంకా మర్యాదగా లేస్తుంది.

లెక్కలో తప్పు లేదు. పిస్టన్ వైశాల్యం 31 చదరపు సెంటీమీటర్లు, దాని మీద 10 బార్లంటే సుమారు 318 కిలోల బలం. అయితే ఆ బలం సిలిండర్ నిండా 10 బార్ల గ్యాస్ ఉన్నప్పటి మాట. మీ సిలిండర్‌లో ఆ స్థితి రావడం లేదు. 15 కిలోలను లేపడానికి చాలినంత పీడనం రాగానే పిస్టన్ కదలడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి వచ్చిన గ్యాస్ వచ్చినట్టు పెరుగుతున్న ఖాళీని నింపడానికే సరిపోతుంది. పీడనం పెరగడానికి సందే దొరకదు. కాబట్టి ఇక్కడ చూడవలసింది బలాన్ని కాదు, గ్యాస్ ఎంత త్వరగా వచ్చి చేరుతుందనే దాన్ని.

ఎంత త్వరగా రావాలో చూద్దాం. ఏ వస్తువైనా ఒక మీటరు ఎత్తుకు ఎగరాలంటే సెకనుకు 4.4 మీటర్ల వేగంతో బయలుదేరాలి. ఫ్లిప్పర్ కొస 40 సెంటీమీటర్లు కదిలేలోపు ఆ వేగం అందుకోవాలంటే మొత్తం సమయం 0.18 సెకన్లు. పిస్టన్ 15 సెంటీమీటర్లు కదులుతుందనుకుంటే, ఆ వ్యవధిలో సిలిండర్‌లోకి దాదాపు అర లీటరు గ్యాస్ 10 బార్ల దగ్గర చేరాలి. ఇప్పుడు మీ గొట్టం చూడండి. దుకాణంలో 6 మిల్లీమీటర్ల గొట్టమని అమ్మేది బయటి కొలత. లోపలి రంధ్రం మామూలుగా నాలుగే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన అడ్డంకి ఇక్కడే ఉంది. సన్నని రంధ్రానికి అవతలి పీడనం ఇవతలి దానిలో సుమారు సగానికి పడిపోతే, గ్యాస్ వేగం అక్కడ ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఇక అవతల శూన్యమే ఉన్నా అంతకంటే ఎక్కువ గ్యాస్ దూరదు. పైగా కార్బన్ డయాక్సైడ్‌లో ధ్వని గాలిలోకంటే నెమ్మది: సెకనుకు సుమారు 270 మీటర్లు, గాలిలో 340కి పైగా. ఈ హద్దు పెట్టి లెక్కిస్తే 4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి సెకనుకు రెండు లీటర్లే వెళతాయి. అర లీటరుకు పావు సెకను. అదీ గొట్టం పొడవు, మోచేయి జాయింట్లు, వాల్వు లోపలి వంకరలు, బాటిల్ పీడనాన్ని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ బద్ధకం ఏవీ లేవనుకుంటేనే. అవి కూడా కలిస్తే 0.18 సెకన్ల మాట మరచిపోవచ్చు. 100 మిల్లీమీటర్ల సిలిండర్‌కు ఇదే గొట్టంలోంచి రెండున్నర రెట్ల గ్యాస్ రావాలి.

రంధ్రం వ్యాసం రెట్టింపైతే ప్రవాహం నాలుగు రెట్లవుతుంది కాబట్టి మొదటి మరమ్మతు గొట్టమే. కానీ ఎంత లావు గొట్టం వేసినా వెనక ఉన్న రెగ్యులేటర్ అంత వేగంగా ఇవ్వలేదు. అందుకే బఫర్ ట్యాంకు. కుళాయి ధార సన్నగా ఉంటే బిందె నింపుకుని ఒక్కసారిగా కుమ్మరిస్తాం కదా, అదే పని. రెండు విసుర్ల మధ్య దొరికే సెకన్లలో రెగ్యులేటర్ మెల్లగా ట్యాంకును నింపుతుంది, వాల్వు తెరుచుకోగానే ట్యాంకు సిలిండర్‌లోకి ఒలికిపోతుంది. ట్యాంకు సిలిండర్‌కు సమానంగా ఉంటే విసురు ముగిసేసరికి పీడనం సగానికంటే తగ్గుతుంది, ఎందుకంటే వ్యాకోచించే గ్యాస్ చల్లబడుతుంది కూడా. రెండు రెట్లుంటే దాదాపు అరవై శాతం మిగులుతుంది. అంతకంటే పెద్దది పెడితే బరువు దండగని నా అభిప్రాయం. ట్యాంకుకూ వాల్వుకూ మధ్య గొట్టమే లేకుండా నేరుగా బిగిస్తే ఇంకా మంచిది.

బీబీసీలో 1998లో మొదలైన 'రోబోట్ వార్స్' చూసినవారికి కేయాస్ 2 గుర్తుండే ఉంటుంది. మూడో, నాలుగో సిరీస్‌లు వరుసగా గెలిచిన ఫ్లిప్పర్ రోబో అది. ప్రత్యర్థిని ఎత్తి బరి గోడ అవతల పడేసేది. గిర్రున తిరిగే బ్లేడు రోబోలకే చప్పట్లు ఎక్కువని నాకు తెలుసు. నిప్పురవ్వలు ఎవరికి నచ్చవు? కానీ విసురు చూస్తేనే నాకు ఉష్ణగతికశాస్త్రం మీద గౌరవం పెరుగుతుంది. పెద్ద తరగతి ఫ్లిప్పర్లలో కొన్ని రెగ్యులేటరే లేకుండా బాటిల్ పీడనాన్ని నేరుగా వాడతాయి. 20 డిగ్రీల దగ్గర ద్రవ కార్బన్ డయాక్సైడ్ పీడనం 57 బార్లు. మీ 63 మిల్లీమీటర్ల పిస్టన్ మీదే అది 1.8 టన్నుల బలమవుతుంది. మీ పోటీ నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయో చూడకుండా ఆ దారి తొక్కకండి.

పోరు సగమయ్యాక ఫ్లిప్పర్ నీరసిస్తే దిష్టి తగిలిందనుకుని మరుసటి పోరుకు నిమ్మకాయ కట్టేవారుంటారు. తగిలింది బాష్పీభవన గుప్తోష్ణం. ఒక్క విసురుకు సుమారు 10 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. బాటిల్‌లోని ద్రవం అంత ఆవిరి కావడానికి దాదాపు 1,500 జౌళ్ల వేడి కావాలి. రోబోను మీటరు ఎత్తుకు పంపడానికి పట్టే శక్తి 150 జౌళ్లే. అంటే విసురుకంటే పది రెట్ల వేడిని గ్యాస్ తన బాటిల్ దగ్గరే లాక్కుంటుంది. చిన్న బాటిలైతే ఇరవై విసుర్లకు పది డిగ్రీలు చల్లబడటం కష్టం కాదు. 57 బార్లు అప్పుడు 45కు దిగుతాయి, గొట్టాల మీద మంచు పేరుకుంటుంది. మీ రోబో తలకిందులైతే ఇంకో చిక్కు: బాటిల్ కూడా తలకిందులై, గ్యాస్‌కు బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. 5.2 బార్ల దిగువన కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉండలేదు, మంచుపొడిగా మారి దారి మూసేస్తుంది.

వేసవిలో కథ తిరగబడుతుంది. 'సందిగ్ధ ఉష్ణోగ్రత' అనే మాటను మనం రెండు మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష హాలు గుమ్మం దగ్గరే వదిలేశాం. బెల్‌ఫాస్ట్‌లో రసాయన శాస్త్రవేత్త థామస్ ఆండ్రూస్ 1869లో వివరించింది ఈ కార్బన్ డయాక్సైడ్ గురించే: 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా అది ద్రవం కాదు. బెల్‌ఫాస్ట్‌లో అది ప్రయోగశాల సంగతి, విజయవాడలో మే నెల మధ్యాహ్నం సంగతి. లీటరుకు మూడింట రెండు కిలోలు నింపిన బాటిల్‌లో 40 డిగ్రీల దగ్గర పీడనం 100 బార్లు దాటుతుంది. ఎక్కువ నింపితే ఇంకా పైకి పోతుంది. బాటిల్‌ను తూకం వేసి నింపించండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి, పీడనం మితిమీరితే పగిలి గ్యాస్‌ను వదిలేసే బర్స్ట్ డిస్క్ స్థానంలో మామూలు బోల్టు బిగించే తెలివితేటలు చూపకండి.

ఇక మీ సిలిండర్. పిస్టన్ ముందు వైపున్న గాలి కూడా బయటకు పోవాలి. అది సన్నని రంధ్రంలోంచి పోతుంటే మీరే మీ ఫ్లిప్పర్‌ను వెనక్కి తోస్తున్నట్టు. ఆ వైపు పోర్టుకు తగిలించిన సైలెన్సరును, ఫ్లో కంట్రోల్‌ను తీసేయండి. చివర్లో పిస్టన్ వేగాన్ని తగ్గించేందుకు మూతలో ఉండే కుషన్ స్క్రూను పూర్తిగా వదులు చేస్తే ఇంకొంత వేగం వస్తుంది. అయితే అప్పుడు పిస్టన్ వచ్చి మూతను గుద్దుతుంది, నాలుగు పోరాటాలకే మూతలను పట్టి ఉంచే టై రాడ్లు సాగుతాయి. కనుక ఫ్లిప్పర్ చేతికి నైలాన్ పట్టీ కట్టి, పిస్టన్ చివరికి చేరకముందే ఆ పట్టీ బిగిసేలా చూడండి.