ఈఆర్ నెగెటివ్ అన్న మాట ఎంతవరకు నమ్మొచ్చు?

రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టు వచ్చాక ఇంట్లోవాళ్లు ముందు స్టేజీ ఎంతని అడుగుతారు. డాక్టరు మాత్రం ఈఆర్, పీఆర్, హెర్‌2, కేఐ-67 అన్న నాలుగు లైన్ల దగ్గర ఆగుతారు. నాలుగూ గడ్డ కణాల్లోని ప్రొటీన్లే. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు. మైనపు దిమ్మలో బిగించిన గడ్డ ముక్క నుంచి మహా పల్చటి పొర కోసి, ఒక్కో ప్రొటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ వేస్తారు. ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఈఆర్ అయితే కణకేంద్రంలో. నూటికి ఒక్క కణంలో కనిపించినా పాజిటివే. హెర్‌2 కణం చుట్టూ పొర మీద. బాగా ఎక్కువుంటే స్లైడు మీద దోమతెర అల్లికలా కనిపిస్తుంది.

ఈ ప్రొటీన్లను రెండు ప్రశ్నల కోసం చూస్తారు: జబ్బు తిరగబెడుతుందా అన్నది ఒకటి, ఫలానా మందు పనిచేస్తుందా అన్నది ఇంకోటి. హెర్‌2 జన్యువు ప్రతులు పెరిగిన గడ్డలు త్వరగా తిరగబెడతాయని అమెరికా పరిశోధకుడు డెనిస్ స్లేమన్ బృందం 1987లో చెప్పినప్పుడు అది ఉత్త చెడ్డ కబురు. అదే ప్రొటీన్‌ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకి 1998లో అమెరికాలో అనుమతి వచ్చాక, ఆ కబురే చికిత్సకు దారి అయింది.

ఇదంతా పరీక్ష సరిగ్గా జరిగితేనే. కెనడాలోని న్యూఫౌండ్లాండ్‌లో ఏం జరిగిందో చూడండి. ఈఆర్ నెగెటివ్ అన్న ఒక రోగి ముక్కను 2005లో మళ్లీ పరీక్షిస్తే పాజిటివ్ వచ్చింది. అనుమానం వచ్చి 1997 నుంచి చేసిన పరీక్షలను తిరగదోడారు. వెయ్యికి పైగా నమూనాలు మళ్లీ చూస్తే దాదాపు 400 మంది రిపోర్టులు తప్పు. ఈఆర్ పాజిటివ్ అయితేనే ఇచ్చే టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు అందాల్సినవాళ్లలో ఎందరికో అవి అందనేలేదు. విచారణ కమిషనే వేయాల్సొచ్చింది.

తప్పు చాలాసార్లు మైక్రోస్కోపు దాకా రాకముందే జరిగిపోతుంది. కోసిన ముక్క గంటలోపు, దాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు నానాలి. ఆలస్యమైతే ప్రొటీన్ చెడి, ఉన్నది కూడా లేనట్టే కనిపించవచ్చు. ఎక్కడో చిన్న నర్సింగ్‌హోంలో ఆపరేషన్ చేసి, ముక్కను బస్సులో సిటీ ల్యాబుకి పంపినప్పుడు ఈ గంటల లెక్క ఎవరు రాసిపెడతారు? నాకైతే అసలు టెన్షన్ ఇక్కడే.

కొత్త మార్కర్ల, అంటే జబ్బు తీరు చెప్పే ఇలాంటి గుర్తుల, సంగతి ఇంకో తీరు. కెథెప్సిన్ డి అనే ప్రొటీన్ మీద 1990 ప్రాంతంలో బోలెడు ఆశలు పెట్టుకున్నారు. తర్వాతి అధ్యయనాలకు పొంతన కుదరక అది మరుగున పడింది. ఎంతుంటే ఎక్కువ అనుకోవాలో ఎవరికి వారే గీత గీసుకుంటే, కావలసిన ఫలితం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది మరి! మార్కర్ అధ్యయనాలను ఎలా రాయాలో చెప్పే ‘రిమార్క్’ నియమాలు 2005లో వచ్చి, ఆ గీత ఎలా గీశారో పేపర్లో చెప్పమన్నాయి. కణవిభజన వేగం చెప్పే కేఐ-67కి ఇప్పటికీ ఆ చిక్కు తీరలేదు: 5 శాతం లోపు, 30 పైన ఉంటే నమ్మకంగా చెప్పగలరు, మధ్యలోనే తకరారు.

హెర్‌2కీ ఇప్పుడు కొత్త మెలిక పడింది. రంగు ఎంత తేలిందో చూసి 0 నుంచి 3 ప్లస్ దాకా స్కోరు వేస్తారు. ఇదివరకు 0 అన్నా 1 ప్లస్ అన్నా నెగెటివే, తేడా ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు, శరీరంలో వేరేచోట్లకు పాకిన జబ్బులో 1 ప్లస్ వాళ్లకూ మేలు చేస్తుందని తేలింది. తీరా చూస్తే, స్లైడు చూసి స్కోరు వేసే డాక్టర్లు (పెథాలజిస్టులు) ఒకే స్లైడు మీద తరచు విభేదించేది సరిగ్గా ఆ 0కీ 1కీ మధ్యే.